కుండ పెద్దదైనప్పుడు: ఇప్పసారా చరిత్రపై కొన్ని గమనికలు

1

మన సాహిత్యంలో సారాకు రెండు ముఖాలున్నాయి. మొదటిది సంస్కరణోద్యమ కాలం నుంచి వస్తున్నది. అందులో సారా ఒక వ్యసనం, తాగేవాడు పతితుడు, అతని భార్య కన్నీళ్ళతో కథ ముగుస్తుంది. రెండోది జానపద జీవితం మీద మక్కువ పెరిగాక వచ్చింది. అందులో వెన్నెల, డోలు, గుస్సాడీ నృత్యం, ఇప్పసారా కలిసి ఒక రంగుల బొమ్మ తయారవుతుంది. మొదటి ముఖం తాగేవాణ్ణి నిందిస్తుంది. రెండోది అతన్ని చూసి మురిసిపోతుంది. కానీ ఆ సారాను ఎవరు కాచారు, ఎంత కాచారు, ఎవరి కోసం కాచారు అనే ప్రశ్న రెండింటికీ తట్టదు.

ఈ మూడు ప్రశ్నల్లో 'ఎంత' అన్నదే కీలకమని ఈ వ్యాసం ఉద్దేశం. ఇంటి కుండలో పులిసిన పువ్వు, కార్ఖానా తొట్టిలో పులిసిన మొలాసిస్ రసాయనికంగా దగ్గర చుట్టాలే. రెండింటిలోనూ చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. సామాజికంగా మాత్రం అవి రెండు వేర్వేరు వస్తువులు. ఒకదాని నుంచి మరొకదానికి జరిగిన ప్రయాణం కేవలం సాంకేతిక ప్రగతి కాదు. ఆ ప్రయాణంలో కుండ మీది హక్కు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారింది. చెన్నూరు పరిసరాల అడవి నుంచి చూస్తే ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

2

చెన్నూరు గోదావరి ఉత్తరపు గట్టున ఉంది. తూర్పున ప్రాణహిత, దాని అవతల సిరొంచ. పడమట మంచిర్యాల, మందమర్రి బొగ్గుగనులు. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడేదాకా ఇది ఆదిలాబాదు జిల్లాలో భాగం. కోటపల్లి, వేమనపల్లి వైపు పోయేకొద్దీ అడవి, ఆ అడవిలో ఇప్పచెట్లు. గోండులు, కొలాములు, నాయకపోడులు, వాళ్ళతో పాటు మైదానం నుంచి వచ్చిన రైతులు, కూలీలు, అందరికీ ఆ చెట్టుతో పని ఉంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఇంటిల్లిపాదీ గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోతారు. ఏరిన పువ్వును ఎండబోస్తారు. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. దాన్ని సారాకు మాత్రమే వాడతారనుకోవడం పట్నంవాళ్ళ అపోహ. వేయించుకొని తింటారు, ఉడకబెట్టుకొని తింటారు, గింజలు లేని రోజుల్లో దానితోనే కడుపు నింపుకుంటారు. కాయలోని గింజ నుంచి నూనె తీస్తారు. ఇప్పచెట్టు ముందు ఆహారం, తర్వాతే సారా.

కాచే పద్ధతి వినడానికి సులువు. ఎండిన పువ్వును నీళ్ళలో నానబెడితే పువ్వు మీద, కుండ లోపలి గోడల మీద ఉండే ఈస్టు దాన్ని పులియబెడుతుంది. ఎండాకాలమైతే కొద్ది రోజులు, చలికాలమైతే మరి కొన్ని రోజులు పడుతుంది. ఆ కుండను పొయ్యి మీద పెట్టి, పైన మరో కుండ, ఆ పైన చల్లటి నీళ్ళ కుండ పెడతారు. లేచిన ఆవిరి నీళ్ళకుండ అడుగుకు తగిలి చల్లబడి, మధ్యలో పెట్టిన పాత్రలోకి చుక్కలుగా దిగుతుంది. పైకుండలో నీళ్ళు వేడెక్కగానే మార్చాలి. ఎన్నిసార్లు నీళ్ళు మార్చారన్నదే సారా ఘాటుకు లెక్క. తక్కువసార్లు మారిస్తే చిక్కనిది, ఎక్కువసార్లు మారిస్తే పలచనిది. చుక్కను నిప్పు మీద వేసి మంట చూసి మిగతాది తేల్చుకుంటారు. ప్రయోగశాల లేదు గానీ కొలత ఉంది. ఆ కొలత కాచేవాళ్ళ చేతిలోనే ఉంది.

ఈ కుండకు ఒక పరిమాణం ఉంది, ఆ పరిమాణానికి కారణాలున్నాయి. ఒక ఇల్లు ఏరగలిగినంత పువ్వు, ఒక మనిషి మోయగలిగినన్ని నీళ్ళు, ఒక పొయ్యికి సరిపోయేన్ని కట్టెలు. వీటన్నిటి కన్నా పెద్ద కారణం అవసరం. పెళ్ళికి కొంత, చావుకు కొంత, పెర్సాపేన్ కొలుపుకు కొంత, పితరులకు ధారపోయడానికి కొంత. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం పోలీసు కాల్పుల్లో నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా ఇక్కడికి వచ్చిన హైమన్‌డార్ఫ్, 1948లో వెలువడిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథంలో ఈ క్రతువులను వివరంగా రాశాడు. వాటిలో సారా అంగడి సరుకు కాదు. అది దేవతకూ మనిషికీ మధ్య, చచ్చినవాళ్ళకూ బతికున్నవాళ్ళకూ మధ్య నడిచే ఇచ్చిపుచ్చుకోవడం. పండుగ ముగిస్తే పొయ్యి ఆరిపోతుంది.

3

మరి ఈ కుండను పెద్దది చేస్తే ఏమవుతుంది? ఇక్కడ కొంచెం సైన్సు అవసరం. సాహిత్య విద్యార్థులు విసుగుపడకూడదు. ఎందుకంటే చరిత్రంతా ఈ చిన్న లెక్కలోనే దాగి ఉంది.

పది లీటర్ల కుండను పొడవు, వెడల్పు, లోతు మూడింటిలోనూ పదిరెట్లు పెంచామనుకుందాం. అది పదివేల లీటర్ల తొట్టి అవుతుంది. లోపలి పదార్థం వెయ్యిరెట్లు పెరిగింది. కానీ తొట్టి గోడల వైశాల్యం వందరెట్లే పెరిగింది. పులియడంలో వేడి పుడుతుంది. ఆ వేడి గోడల గుండా బయటికి పోవాలి. చిన్న కుండలో పుట్టిన వేడి ఎప్పటికప్పుడు పోతుంది. పెద్ద తొట్టిలో పోదు, లోపలే పేరుకుంటుంది. వేడి హద్దు దాటితే ఈస్టు చస్తుంది, దాని చోట పులుపు పుట్టించే సూక్ష్మజీవులు చేరతాయి. చిన్న కుండ చెడిపోతే ఒక ఇంటికి ఒక పండుగ నష్టం. పెద్ద తొట్టి చెడిపోతే పెట్టుబడి నష్టం. అందుకని చల్లబరిచే యంత్రం కావాలి, నమ్మకంగా పనిచేసే ఈస్టు కావాలి, రాగి పాత్రలు, ఆవిరి బాయిలర్లు, గిడ్డంగులు, రవాణా, పద్దులు కావాలి. పరిమాణం పెరగడమంటే పెట్టుబడి దిగడమే. పెట్టుబడి దిగాక అవసరం ఉన్నప్పుడే కాస్తానంటే కుదరదు. తొట్టి ఎప్పుడూ నిండి ఉండాలి, ఎప్పుడూ ఖాళీ అవుతుండాలి.

యూరప్‌లో ఇది మనకన్నా ముందే జరిగింది. మధ్యయుగాల ఇంగ్లండులో బార్లీతో ఏల్ కాచడం ప్రధానంగా ఆడవాళ్ళ పని. ఇంటికి సరిపడా కాచుకొని, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవాళ్ళు. అది త్వరగా చెడిపోయేది కాబట్టి దూరం పోయేది కాదు. హాప్స్ అనే తీగ పూలను కలిపితే నిల్వ ఉంటుందని తెలిశాక అది బీరు అయింది, పీపాలకెక్కింది, ఊళ్ళు దాటింది. నిల్వ, రవాణా, అప్పు, సంఘాల సభ్యత్వం ఎవరికి అందుబాటులో ఉన్నాయో వాళ్ళదే వ్యాపారం అయింది. ఆడవాళ్ళు క్రమంగా వెనక్కి పోయారు. పద్దెనిమిదో శతాబ్దం నాటికి లండన్‌లో పోర్టర్ బీరు కంపెనీలు ఎవరి తొట్టి పెద్దదో చూపించుకోవడానికి పోటీపడ్డాయి. 1814 అక్టోబరు 17న మీక్స్ కంపెనీలో ఐదు లక్షల లీటర్లకు పైగా పట్టే తొట్టి పగిలి, బీరు వరదగా పక్కనున్న పేదల వాడ మీద పడింది. ఎనిమిది మంది చనిపోయారు. అందరూ ఆడవాళ్ళూ పిల్లలే. విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. పారబోయిన బీరుకు ముందే కట్టిన పన్నును మాత్రం పార్లమెంటు కంపెనీకి తిరిగి ఇప్పించింది. ఆ శతాబ్దం చివరికి సైన్సు తొట్టిని లొంగదీసుకుంది. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1883లో హాన్సన్ శుద్ధమైన ఈస్టును వేరుచేశాడు. శీతలీకరణ యంత్రాలు వచ్చాయి. ఏ ఊళ్ళో తాగినా, ఏ రుతువులో తాగినా ఒకే రుచి సాధ్యమైంది.

ఈ సైన్సును తప్పుపట్టనవసరం లేదు. అది మనిషి గెలుపు. కానీ ఆ గెలుపు ఎవరి ఖాతాలో జమ అయిందో అడగడం చరిత్రకారుడి బాధ్యత.

4

యూరప్‌లో ఇంటి కుండను ప్రధానంగా మార్కెట్టు ఓడించింది. మన దగ్గర మార్కెట్టు కన్నా ముందు చట్టం వచ్చింది. తేడా ఇదే.

నిజాం రాజ్యానికి ఆబ్కారి ఆదాయం భూమిశిస్తు సరసన నిలబడేంత పెద్దది. మొదట్లో ప్రాంతాలవారీగా హక్కులు వేలం వేసేవాళ్ళు. పాడుకున్న ముస్తాజరు తన హద్దులో ఎవరెంత కాచినా, అమ్మినా డబ్బు గుంజుకునేవాడు. ఆ తర్వాత బ్రిటిష్ ఇండియా నమూనాలో ప్రభుత్వ అదుపులోని డిస్టిలరీలు, డిపోలు, లైసెన్సు దుకాణాలు వచ్చాయి. 1316 ఫసలీలో, అంటే 1906–07లో, హైదరాబాదు ఆబ్కారి చట్టం అమలయింది. లైసెన్సు లేకుండా కాయడం నేరమయింది. పక్కనున్న బొంబాయి ప్రెసిడెన్సీలో అప్పటికే, 1892లో, ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు సేకరణనూ నిల్వనూ కట్టడిచేస్తూ ప్రత్యేక చట్టం వచ్చింది. అంటే చెట్టు కింద రాలిన పువ్వు కూడా అనుమానాస్పద వస్తువైంది.

పాలకులకు పెద్ద తొట్టి ఎందుకు కావాల్సి వచ్చింది? తాగుబోతుతనం తగ్గించడానికి, శుభ్రమైన సరుకు ఇవ్వడానికి అని పైకి చెప్పిన కారణం. అసలు కారణం లెక్క. అడవిలో వేల పొయ్యిల మీద, వేల కుండల్లో, ఏడాదికి నాలుగు రోజులు కాగే సారాకు పన్ను వెయ్యడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఒకే చోట, ఒకే గొట్టం నుంచి దిగే సారాను గ్యాలన్లలో కొలవచ్చు, దాని ఘాటును హైడ్రోమీటరుతో డిగ్రీల్లో చూడవచ్చు, తాళం వేసి ముద్ర కొట్టవచ్చు. నీళ్ళు మార్చిన లెక్క పోయి డిగ్రీల లెక్క వచ్చింది. కొలత కాచేవాళ్ళ చేతి నుంచి ఆబ్కారి జవాను చేతికి పోయింది.

ఇందులోని వైచిత్రి గమనించండి. ఆ రోజుల్లో హైదరాబాదు రాజ్యంలో డిస్టిలరీ సారాకు ప్రధానమైన ముడిసరుకు ఇప్పపువ్వే. అడవిలో గోండు స్త్రీ ఏరిన పువ్వు వ్యాపారి చేతి మీదుగా బట్టీకి పోతుంది. అక్కడ అది సర్కారు సారా అవుతుంది. అదే పువ్వును ఆమె తన ఇంటి కుండలో వేస్తే దొంగసారా అవుతుంది. పువ్వు మారలేదు, నిప్పు మారలేదు, ఆవిరి మారలేదు. కుండ పరిమాణం, దాని మీది హక్కు మాత్రమే మారాయి. తన దేవతకు ధారపోయడానికి ఆమె దుకాణంలో డబ్బిచ్చి కొనాలి. డబ్బు కోసం పువ్వు అమ్మాలి, లేదా కూలికి పోవాలి, లేదా షావుకారు దగ్గర చేయి చాపాలి. కొమురం భీం పోరాటం సారా గురించి కాదు, భూమి గురించి, అడవి గురించి. కానీ అడవి మీద హక్కు అన్నప్పుడు అందులో చెట్టు కింద రాలిన పువ్వు కూడా ఉంది.

5

రాజ్యం మారింది, తొట్టి మారలేదు. ఇంకా పెద్దదయింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ స్థాపించాక చెరకు మొలాసిస్ దండిగా దొరికింది. కార్ఖానాకు ఇప్పపువ్వు అవసరం క్రమంగా తీరిపోయింది. పువ్వుకు రుతువు ఉంది, మొలాసిస్‌కు గోదాము ఉంది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చి పాత ఆబ్కారి చట్టాల స్థానం తీసుకుంది. డిస్టిలరీలో తీసిన స్పిరిటుకు నీళ్ళు కలిపి సారా చేసి, దుకాణాలను వేలం వేసే పద్ధతి సాగింది.

ఆ వేలంలో ఒక నియమం ఉంది. పాడుకున్న కాంట్రాక్టరు ప్రభుత్వం దగ్గర కనీసం ఇంత సారా ఎత్తి తీరాలి. దీన్ని కనీస హామీ పరిమాణం అన్నారు. మాట పొడిగా ఉంది గానీ దీని అర్థం భయంకరమైనది. ఒక ఊరు ఎంత తాగాలో ఊరు కాక, వేలంపాట నిర్ణయించింది. ఎత్తిన సరుకు అమ్ముడు కావాలి కాబట్టి కాంట్రాక్టరు గూండాలను పెట్టి ఇంటి బట్టీలను పగలగొట్టించాడు, అరువు ఇచ్చాడు, దుకాణాన్ని గడప దాకా తెచ్చాడు. చెన్నూరుకు పడమట బెల్లంపల్లి, మందమర్రి గనుల్లో షిఫ్టు దిగిన కార్మికుడి జీతానికి మొదటి వాటాదారు సారా దుకాణమే అయింది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్లాస్టిక్ సంచుల్లోకి దిగింది. సంచికి కుండ అక్కర్లేదు, గ్లాసు అక్కర్లేదు, కూర్చొని పంచుకునే మనిషి కూడా అక్కర్లేదు. కుండ చుట్టూ ఉన్న సమూహం సంచి దగ్గరికి వచ్చేసరికి ఒంటరి మనిషిగా మిగిలింది.

పరిమాణం పెంచడానికి వీల్లేనిదాన్ని పెంచితే ఏమవుతుందో కల్లు చెబుతుంది. తాటిచెట్టయినా ఈతచెట్టయినా రోజుకు ఇచ్చేది ఇంతే. గౌండ్లవాని లొట్టి నిండేది చెట్టు దయతోనే. అది పూట గడిస్తే పులుస్తుంది, దూరం పోదు. నిజామాబాదు, కరీంనగర్, మెదక్ జిల్లాల్లో గిరాకీ చెట్లను మించిపోయినప్పుడు వ్యాపారి కొత్త చెట్లు నాటలేదు. నీళ్ళు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్ కలిపాడు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి మందు కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం వణుకుతో, మతిభ్రమతో ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్ళు అలవాటు పడింది కల్లుకు కాదు, కల్లు పేరుతో అమ్మిన మందుకు.

6

ఇంతవరకు చదివి, అయితే ఇంటి కుండే మంచిదని వ్యాసకర్త తీర్పు అని పాఠకులు అనుకోవచ్చు. అలా అనుకుంటే మొదట మనం విమర్శించిన ఆ రంగుల బొమ్మలోకే తిరిగి పోతాం.

ఇంటి కుండ కూడా చీకట్లో పెద్దదయింది. నిషేధమూ, ధరా కలిసి గుడుంబాను పుట్టించాయి. అక్కడ పువ్వు లేదు, పండుగ లేదు. నల్లబెల్లం, పటిక, నవసాగరం, ప్లాస్టిక్ డ్రమ్ములు. కొలత లేదు, ఎందుకంటే తాగేవాడు తెలిసినవాడు కాడు. కార్ఖానా పరిమాణాన్ని యంత్రంతో, లెక్కతో పెంచితే, గుడుంబా అవి రెండూ లేకుండా పెంచింది. చనిపోయినవాళ్ళు పేదవాళ్ళు, జైలుకు పోయినవాళ్ళు కూడా పేదవాళ్ళే. ఇక ఇంట్లో కాచిన సారా తాగి భార్యను కొట్టిన మగవాడి చెయ్యి, దుకాణం సారా తాగినవాడి చెయ్యి కన్నా మెత్తగా ఏమీ ఉండదు. కొలుపు సారా కూడా ఆడవాళ్ళకు దెబ్బలు తెచ్చిన సందర్భాలు లేవని ఎవరూ అనలేరు.

అందుకే నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను ఈ చరిత్రలో కేంద్రంలో పెట్టాలి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో ఒక స్త్రీ కథ చదివి, వాళ్ళు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. రచయితలు ఈ సంగతి మరవకూడదు. ఎన్నో సారా కథలు చెయ్యలేని పని ఒక వాచకంలోని పాఠం చేసింది. ఎందుకంటే ఆ పాఠం తాగేవాణ్ణి కాదు, దుకాణాన్ని చూపించింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. 1986లోనే ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషన్ చేతుల్లో సీసా మద్యం, బీరు వ్యాపారం విస్తరించింది. ఇవాళ బీరు అమ్మకాల్లో తెలంగాణ దేశంలో ముందువరుసలో ఉంది. స్త్రీలు మూయించిన తలుపు పక్కనే ప్రభుత్వం మరో తలుపు తెరిచింది.

దూబగుంట స్త్రీలు అడిగింది, అడవిలో గోండు స్త్రీ అడగాల్సింది పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. ఒకరు సారా వద్దన్నారు, మరొకరు తన కుండ తనకు కావాలంటారు. లోతుగా చూస్తే ప్రశ్న ఒకటే. మా ఊళ్ళో ఏది కాగాలో, ఎంత కాగాలో, అసలు కాగాలో వద్దో నిర్ణయించేది ఎవరు? వేలంపాటా, మేమా?

చట్టం కాగితం మీద ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చింది. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకం ఆపాలని, సొంత వాడకానికి, క్రతువులకు సంప్రదాయ పానీయం కాచుకోనివ్వాలని 1975లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శక సూత్రాలు చెప్పాయి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలంది. ఈ అధికారాన్ని నిజంగా గ్రామసభ చేతిలో పెడితే దూబగుంట స్త్రీకీ, గోండు స్త్రీకీ కూడా చోటు ఉంటుంది. ప్రాణహిత రెండు గట్లను చూడండి. అవతల గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, ఇవతల లైసెన్సు దుకాణాలు. రెండు గట్ల మీదా అదే జనం, అదే చెట్టు, అదే పువ్వు. ఏ గట్టు మీద కుండ నేరమో, ఏ గట్టు మీద సీసా ఆదాయమో రాజధానుల్లో తేలుతుంది. మధ్యప్రదేశ్‌లో 2022 ప్రాంతాల నుంచి ఇప్పసారాను వారసత్వ మద్యంగా సీసాల్లో నింపి, గిరిజన స్వయంసహాయక బృందాల చేత చేయించే ప్రయత్నం నడుస్తోంది. మేలు జరిగితే సంతోషమే. కానీ అక్కడ కూడా అడగాల్సిన ప్రశ్న అదే: సీసా పెద్ద మార్కెట్టుకు చేరాక తొట్టి ఎవరిది?

7

కుండ చిన్నదిగా ఉన్నంతకాలం దాన్ని కాచినవాళ్ళే కొలిచారు, పంచారు, ఆపారు. పెద్దదయ్యేకొద్దీ కొలవడం ఆబ్కారికి, పంచడం కాంట్రాక్టరుకు, ఆపకపోవడం ఖజానాకు పోయాయి. తాగడం ఒక్కటే కాచినవాళ్ళకు మిగిలింది. చరిత్రను నైతిక ప్రశ్నగా మార్చి, తాగడం ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం పాలకవర్గాలకు సౌకర్యం. ఆ సౌకర్యానికి మన కథలు తెలియకుండానే తోడ్పడ్డాయి.

ఇకముందు సారా గురించి రాసే రచయిత తన పాత్ర చేతికి గ్లాసు ఇచ్చేముందు దాని వెనక ఉన్న పాత్రను ఒకసారి చూడాలి. అది పొయ్యి మీది కుండా, పొదల్లోని డ్రమ్మా, గొట్టాలు దిగిన తొట్టా? అందులో ఉన్నది చెట్టు కింద ఏరిన పువ్వా, కార్ఖానా నుంచి వచ్చిన మడ్డా? దాన్ని ఆర్పే అధికారం ఆ ఊళ్ళో ఎవరికైనా ఉందా? ఈ మూడూ తెలిస్తే ఆ మనిషి ఎందుకు తాగుతున్నాడో, ఆ ఇల్లాలు ఎవరితో పోరాడుతోందో రచయితకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చే ఎండాకాలం కూడా చెన్నూరు అడవిలో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. దాన్ని ఏరే చేతులకే దాని గురించి నిర్ణయించే హక్కు దక్కేదాకా ఈ చరిత్ర ముగిసినట్టు కాదు.